మా ఇంటి బండి వెనక్కి నడవదు

మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ దేశ్‌ముఖ్. మా తాత ఆ దేశ్‌ముఖ్‌గారి పెద్ద కొడుకు. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆ పెద్ద కొడుక్కి పెద్ద కొడుకు. ఈ వరసలో నా వంతు వచ్చేసరికి, ఆ రోజుల్లో, నేను కరీంనగర్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో నీలంరంగు కోటు తొడుక్కుని పని నేర్చుకుంటున్న మెకానిక్‌ను. కాలం కలిసిరాని ఇళ్ళలో ఒక్కో తరం ఒక్కో మెట్టు దిగుతుందంటారు. మావాళ్ళు రెండేసి మెట్లు దిగారు. అయితే దిగినంతసేపూ నడుం మాత్రం వంచలేదు. (నడుం వంచకుండా మెకానిక్ పని చేయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.)

నాకు ఊహ తెలిసేనాటికే మా ఇంట్లో పొలాల సంగతి పాత కబురు. గడిలో, అంటే కోటలాంటి మా పాత ఇంట్లో, సగం పంపకాల్లో పాలివాళ్ళకు పోయింది, వాళ్ళు దాన్ని ఎవరికో ఇచ్చేసి పట్నం పోయారు, కొన్నవాళ్ళు మా వాకిలి మధ్యలోంచి గోడ లేపారు. మాకు మిగిలింది నాలుగు గదులు, సగం వాకిలి, రాతి కమాను కింద ఒక ఇనుప గేటు, ఆ గేటు నుంచి రోడ్డు దాకా నిటారుగా దిగే ఎత్తు నేల. వీటితోపాటు ఒక మాట కూడా మిగిలింది. దాన్ని ఎవరూ పంచుకోలేదు, ఎవరూ కొనుక్కోలేదు. అది మొత్తం మాకే వచ్చింది. ఆ మాట ఇది: మా ఇంటి బండి వెనక్కి నడవదు.

దాని వెనక ఒక కథ ఉంది. మా ముత్తాత కచ్చురంలో తిరిగేవారు. కచ్చురమంటే పైన గూడు, లోపల పరుపు ఉన్న ఎడ్లబండి, పెద్దింటివాళ్ళ సవారి. ఒకసారి ఇరుకైన వాగు కట్ట మీద ఎదురుగా సర్కారు అధికారి బండి వచ్చిందట. రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. మా ముత్తాత పరుపు మీద నుంచి కదల్లేదు. పొద్దుగూకేదాకా కూర్చున్నారు. చివరికి అధికారి బండే వెనక్కి పోయింది. పెద్దబాపు ఈ కథ చెప్పేటప్పుడు చేతికర్రను నేలకు తాటించి ఆగేవారు. (ఆయన భార్య, మా పెద్దవ్వ, వంటింట్లోంచి చెప్పే కథ వేరు. ఆ ఎడ్లకు వెనక్కి నడవడం ఎవరూ నేర్పలేదట, అదిలించినా కదల్లేదట, ఆ అధికారి విసిగిపోయి వెళ్ళిపోయాడట.) ఏదేమైనా ఆనాటి నుంచి బండిని తిప్పవలసి వస్తే ముత్తాత కిందికి దిగేవారు కాదు. మనుషులు వచ్చి, ఎడ్లను విప్పి, ఆయన కూర్చున్న కచ్చురాన్ని అట్లాగే ఎత్తి తిప్పేవారు. ఆ ఎత్తినవాళ్ళకు ఏమిచ్చేవారని నేను చిన్నప్పుడు అడిగితే పెద్దబాపు, "పోయి సదువుకో పో" అన్నారు.

మా బాపు నా పసితనంలోనే పోయాడు. నన్ను పెంచింది పెద్దబాపు, పెద్దవ్వ. వాళ్ళకు పిల్లలు లేరు. నేను డిప్లొమా చదివి కరీంనగర్‌లో పనికి చేరితే పెద్దబాపు ఊళ్ళో, "మావాడు కార్లకు డాక్టరు" అని చెప్పుకున్నారు. ఆ మాట నా చెవిన పడి నేనూ నమ్మాను. స్టెతస్కోపు వేలాడేసుకున్నట్టు మెడకు తుడుచుకునే గుడ్డ వేసుకుని, నిటారుగా నిలబడి ఇంజన్లను పైనుంచి చూసేవాణ్ణి. మా ఫోర్‌మన్‌ది బెల్లంపల్లి. ఆయన తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. అందరూ ఆయన్ను బెల్లంపల్లన్న అనేవారు. మొదటి వారంలోనే నన్ను పట్టేశాడు.

"ఏం దొరా, గట్ల నిలవడితె ఎట్ల? నువ్వే వంగి సూడాలె. బండి లేసి నీకు సలాం కొట్టది."

వర్క్‌షాపంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు చిన్నదొర. పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక, పొగడ్త అనే అనుకుని సర్దుకున్నాను.

అక్కడ పని నేర్చుకునేవాడికి ఒకే ఒక్క భయం ఉండేది. దాని పేరు రిపీటు. బాగుచేసి పంపిన బండి అదే జబ్బుతో మళ్ళీ గేటులోకి వస్తే అది రిపీటు. ఒకటి పడితే తిట్లు, ఇంకోటి పడితే మేనేజరు గదిలోకి పిలుపు, ఆ తర్వాత కూడా పడితే ఇంటికి బస్సు. ఇంటికి బస్సంటే మామూలువాళ్ళకు ఇంటికి బస్సే. నేను మాత్రం ఆ కమాను కింద నుంచి, కార్ల డాక్టరును కాకుండా, నడిచి లోపలికి పోవాలి. పెద్దబాపు ఊళ్ళో ఏమని చెప్పుకుంటారు? ఇంత భయం ఉన్నవాడికి రిపీటు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మా ఇంటి నుంచే వచ్చింది.

నేను కరీంనగర్ వచ్చాక పెద్దబాపు ఊళ్ళో దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర పాత తెల్ల కారు కొన్నారు. ఒకనాడు పొద్దున ఆ కారు మా వర్క్‌షాపు ముందు ఆగింది. ఇస్త్రీ ధోవతితో, చేతికర్రతో పెద్దబాపు దిగారు. ఇంజను చప్పుడు సరిగ్గా లేదు, వణుకుతోంది. మీటర్ల మధ్య ఇంజను బొమ్మ పసుపురంగులో వెలుగుతోంది.

"గీ బుడ్డి పొద్దుగాల సంది నా దిక్కే సూస్తుంది," అన్నారు ఆ దీపాన్ని కర్రతో చూపించి. "నేనేమన్న దీని సొమ్ము తిన్ననా?"

"పెద్దమనిషీ, బండి ఎంత దూరం తిరిగింది?" అని అడిగాడు బెల్లంపల్లన్న.

"నేను తిప్పింది నాకెర్క. నాకంటె ముంగట తిప్పింది దుబాయాయన. ఆయన్నే అడుగు."

స్కానర్ పెట్టాను. తెర మీద పి-సున్నా-సున్నా-పదహారు అని వచ్చింది. మెకానిక్ కానివారి కోసం చెబుతాను. ఇంజను కింద ఒక షాఫ్టు తిరుగుతుంది, పైన ఇంకొకటి తిరుగుతుంది. కిందిది చక్రాలను నడుపుతుంది, పైది ఇంజను ఊపిరి తీసే తలుపులను తెరిచి మూస్తుంది. రెంటినీ ఒక గొలుసు కలిపి తిప్పుతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళ చప్పట్లు ఎట్లా ఒక్కసారే పడాలో, ఈ రెండూ అట్లా జత కుదిరి తిరగాలి. ఒక్కరి చప్పట్లు తప్పితే ఆటంతా తప్పుతుంది. తప్పిందని చెప్పేదే ఆ నంబరు. ఎందుకు తప్పిందో మాత్రం చెప్పదు. అది చెప్పేదైతే నాలాంటివాళ్ళకు జీతాలెందుకు?

తీగలు చూశాను, నూనె చూశాను. పై షాఫ్టును కనిపెట్టుకుని ఉండే సెన్సారు పాతబడింది కదా అని దాన్ని మార్చాను. కోడ్ తుడిచేశాను. దీపం ఆరింది. వణుకు కొంచెం ఉన్నా, కొత్త సెన్సారు కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాను. (మనుషులకు వర్తించే సూత్రాలు సెన్సార్లకు వర్తించవని తర్వాత తెలిసింది.) పెద్దబాపు మీటర్లలోకి తొంగి చూసి, "దీపం ఆర్పుడుకు గింత సదువా?" అన్నారు. కానీ ముఖంలో సంతోషం దాగలేదు. వర్క్‌షాపులో అందరికీ వినబడేటట్టు, "మా డాక్టరు," అని నా భుజం తట్టి పోయారు.

కొన్నాళ్ళకే కారు తిరిగొచ్చింది. అదే దీపం, అదే నంబరు, మరింత వణుకు.

"దొరా," అన్నాడు బెల్లంపల్లన్న, చేతులు తుడుచుకుంటూ, "సెన్సారు ఏమన్న అబద్ధం ఆడిందా? కండ్లతోని సూసిందే చెప్పింది. సాక్షిని మారిస్తె కేసు మారుతదా?"

ఈసారి నడుం వంచి ఇంజను ముందు మూత విప్పాను. గొలుసు నిజంగానే పళ్ళచక్రం మీద ఒక పన్ను దాటి కూర్చుంది. పైన ఉండవలసిన గుర్తు పైన లేదు. గొలుసును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అనేది ఒకటుంటుంది. అది నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. ఇంజను నడుస్తున్నంతసేపు గట్టిగా పట్టుకుంటుంది, ఇంజను ఆగితే పట్టు సడలిస్తుంది. గొలుసు మార్చాను, టెన్షనర్ మార్చాను, గుర్తులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపాను. బెల్లంపల్లన్న వంగి చూసి తల ఊపాడు. ఆయన తల ఊపడమంటే మాకు పట్టా ఇచ్చినట్టే. ఇంజను మాగాణిలో నీళ్ళు పారినట్టు మెత్తగా నడిచింది.

వానలు మొదలయ్యేసరికి కారు మళ్ళీ వచ్చింది. స్కానర్ పెట్టకముందే నాకు నంబరు తెలుసు.

మేనేజరు పిలిచాడు. మంచి మనిషి, అరవలేదు. "బండి మీ ఇంటిదే కదా, మరీ మంచిది. ఇంకొకసారి వస్తే బండితోపాటు నువ్వూ మీ ఇంటికే పో," అన్నాడు. బయటికి వచ్చేసరికి బెల్లంపల్లన్న మా కారు మూత తెరిపించి నిలబడి ఉన్నాడు. గొలుసు మళ్ళీ ఒక పన్ను దాటింది. కొత్త గొలుసు, కొత్త టెన్షనర్, ఆయన తల ఊపిన పని. ఇట్లా కావడానికి వీల్లేదు.

"ఒక్క ముచ్చట చెప్పు," అన్నాడు. "నూనె మంచిదే. గొలుసు మంచిదే. నీ పని నేనే సూసిన. ఇగ ఒక్కటే మిగిలింది. ఇంజను ఉల్టా తిరిగితె గొలుసు వదులై పన్ను దుంకుతది. బొగ్గుబాయిల మోటరైతె రెండు దిక్కుల తిరుగుతది గని, కారు ఇంజను గట్ల తిరుగద్దు. మీ ఇంటికాడ ఎవలన్న బండిని గేరుల ఉంచి ఎన్కకు నూకుతున్నరా?"

చుట్టూ కుర్రాళ్ళందరూ ఉన్నారు. నా నడుం దానంతటదే నిటారైంది.

"అన్నా, ఏమన్నా అడుగు గానీ అదొక్కటి అడగకు. మా ఇంటి బండి వెనక్కి నడవదు. మా ముత్తాత కాలం నుంచి నడవలేదు."

ఆ తర్వాత ఎవరూ అడగకుండానే వాగు కట్ట కథంతా చెప్పాను, అధికారి బండి వెనక్కి పోయిన దగ్గర పానాతో నేలను తాటించి ఆగాను కూడా. బెల్లంపల్లన్న చివరిదాకా విన్నాడు.

"కచ్చురం ఎత్తి తిప్పెటోళ్లా!" అన్నాడు నెమ్మదిగా. "మా తాత గసొంటి పనే చేసి చేసి, ఒకనాడు ఇడిసిపెట్టి పోయి బొగ్గుబాయిల దిగిండట. భూమి లోపల చీకటే నయమని." అని మళ్ళీ మామూలు గొంతుతో, "సరె తియ్యి. మనకాడ బండికి రోగం వస్తలేదు, మీ ఇంటికాడ వస్తుంది. ఆయితారం పోయి బండి ఏడ ఉంటది, ఎట్ల ఉంటది సూసి రా," అని స్కానర్ నా సంచిలో పెట్టాడు.

గొలుసు మళ్ళీ సరిచేసి కారును పంపాం. ఆదివారం నేను బస్సులో ఊరికి పోయాను. పోయేసరికి కారు సగం వాకిట్లో, గేటు లోపల, ముక్కు ఇంటివైపు పెట్టి నిలబడి ఉంది. పెద్దబాపు రోజూ ఆ వేళకు మండలం దాకా పోయి హోటల్లో పేపరు చదివి వస్తారు. నేనెప్పుడు పోయినా ఆయన వచ్చేశాక పోయేవాణ్ణి గనక, ఆ బయలుదేరడం ఒక్కసారీ చూడలేదు. వాకిట్లో మధ్యగోడ లేచాక కారు తిప్పడానికి చోటు లేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. వచ్చిన దారినే, ముక్కు ఇంటివైపు ఉండగానే, కిందికి పోవాలి.

"మరి ఎట్ల పోతరు పెద్దబాపూ?"

"ఎట్ల పోతరేంది? దిగుతం."

నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తాళంచెవి సగం తిప్పారు, ఇంజను మాత్రం స్టార్ట్ చేయలేదు. మొదటి గేరు వేశారు. క్లచ్ తొక్కి, హ్యాండ్ బ్రేకు వదిలారు. కారు కమాను కింద నుంచి దానంతటదే వెనక్కి జారడం మొదలుపెట్టింది. వేగం పెరగగానే పెద్దబాపు క్లచ్ మీది కాలు కొంచెం వదిలారు. కారు కళ్ళెం లాగిన గుర్రంలాగా గింజుకుంది. నా కాళ్ళ ముందు, మూత కింద ఎక్కడో 'కటక్' మంది. మళ్ళీ క్లచ్ తొక్కారు, జారింది, మళ్ళీ వదిలారు, గింజుకుంది. 'కటక్.' ఇంతసేపూ ఆయన వెనక్కి చూడలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. ఎదురుగా ఇంటినే చూస్తూ, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. రోడ్డు మీద గొర్రెలు వాటంతటవే తప్పుకున్నాయి. వాటికి అలవాటైనట్టుంది.

"పెద్దబాపూ... ఇది వెనక్కి పోవుడు కాదా?"

"ఎట్లయితది?" ఆయనకు నిజంగా ఆశ్చర్యం వేసింది. "రివర్స్ గేరు ఏసిన్నా? ఇంజను నడిపిన్నా? మెట్లు దిగినట్టు దిగిన. పైంగ ముంగటికి పొయ్యే గేరుల ఉన్నది బండి. ముంగటికి పొయ్యే గేరుల ఉన్న బండి ఎన్కకు పోయిందని ఎవడంటడు?"

"బ్రేకు తొక్కొచ్చు కదా?"

"ఇంజను బందుంటె బ్రేకు రాయి లెక్క అయితది. గేరే మంచిగ ఆపుతది. నేను కనిపెట్టిన ఉపాయం," అన్నారు, కొంచెం సిగ్గుగా, కొంచెం గర్వంగా.

పట్టు సడలిన టెన్షనర్, మొదటి గేరు, వెనక్కి దొర్లే చక్రాలు. చక్రాలు ఇంజనును రోజూ ఉల్టా తిప్పుతున్నాయి. కరీంనగర్‌లో ఏ స్కానర్‌కూ దొరకని రోగం మా కమాను కింద దొరికింది. దొరికింది సరే, చెప్పడమెట్లా? చెప్పకపోతే ఇంకో రిపీటు పడుతుంది, నా ఉద్యోగం పోతుంది. చెబితే, పొలాలు పోయినా గడి పోయినా చెక్కుచెదరని ఆ ఒక్క మాట ఈ మనిషి చేతిలోనే పోయిందని చెప్పాలి. మా ఇంట్లో పెద్దబాపుకు ఎదురు చెప్పిన మనిషి అప్పటిదాకా పుట్టలేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయాను. పెద్దవ్వ గమనించింది.

"ఏమైంది బిడ్డా? పరేషాన్‌ల ఉన్నవ్?"

చెప్పాను. గొలుసు సంగతి, ఉద్యోగం సంగతి, అంతా. పెద్దవ్వ చివరిదాకా విని, చారు గిన్నె దించి, ముందు గదిలోకి వినబడేటట్టు గొంతెత్తింది. "ఏమండ్లా! పోరని నౌకరి పోతుందట, జర ఇటు రారి!"

నౌకరి అన్న మాటకు పెద్దబాపు కర్ర కూడా మరిచిపోయి వచ్చారు. ఇక తప్పదు. నోటితో చెప్పే ధైర్యం లేక, చూపిస్తానన్నాను. కారు గేటు లోపలికి తెచ్చి, ముందు మూత ఎత్తి, ఇంజను పక్కన బెల్టు తిప్పే చక్రం మీద సుద్దముక్కతో గీత గీశాను. పెద్దబాపును కారు ముందు నిలబెట్టాను. "మీరు ఈ గీత సూడుండ్రి. ఫస్టు ఇంజను స్టార్ట్ చేస్త. అది ఎటు కదులుతదో సూసుకోండ్రి." స్టార్ట్ చేసి ఆపాను.

"కుడి దిక్కు," అన్నారు పెద్దబాపు.

"అది ఇంజను ముందుకు తిరుగుడు. ఇప్పుడు మీ తీరుగ దిగుత."

ఒక్కసారికి ఏం కాకూడదని గొలుసుకు మనసులో దండం పెట్టుకుని, ఇంజను ఆపే ఉంచి, మొదటి గేరులో నాలుగు బారలు జారాను. పెద్దబాపు ఎత్తిన మూతలోకి చూస్తూ కారు వెంట నడిచారు. ఉన్నట్టుండి ఆయన ఆగిపోయారు. నేను బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడి కారు ఆపాను.

"ఎడమకు పోయింది," అన్నారు. గొంతు ఆయనది కాదు. "ఉల్టా తిరిగింది."

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను.

"అంటె... దినాం నేను బండిని ఎన్కకు నడిపిస్తున్నట్టేనా? కొన్నకాడి సంది?"

ఎండలో, ఎత్తిన మూత ముందు, చేతిలో కర్ర లేకుండా నిలబడ్డ ఆ మనిషిని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. తాళంచెవి తిప్పాను, రివర్స్ గేరు వేశాను, కారు నిదానంగా కిందికి కదిలింది. "ఇప్పుడు సూడుండ్రి పెద్దబాపూ. గీత స్టార్టయిన దిక్కుకే తిరుగుతుందా, లేదా? నేను గేరు మార్చినప్పుడు అది ఆగిందా? ఉల్టా మర్రిందా?"

ఆయన నడుస్తూ తొంగి చూశారు. "ఆగలే," అన్నారు. ఇంకొంచెం నడిచి, "మర్రలే," అన్నారు. ఇంకొంచెం నడిచాక గొంతు తిరిగొచ్చింది. "అరె! రివర్స్‌ల గూడ ముంగటికే తిరుగుతుందిరా ఇంజను!"

"ఎప్పుడూ ముందుకే పెద్దబాపూ. రివర్స్ గేరంటే చక్రాలకే. ఇంజను ఎన్నడూ ఎన్కకు పోదు. పోకూడదు."

గడప మీద నుంచి పెద్దవ్వ ఇదంతా చూస్తోంది. కారు మూత తెరుచుకుని మెల్లగా వెనక్కి పోతోంది, దాని ఎదురుగా పెద్దబాపు చేతులు వెనక్కి కట్టుకుని అడుగులో అడుగేస్తూ ముందుకు వస్తున్నారు. "సూసిన్రా," అంది, "మీ తాత ముంగటి నుంచి మనుషులు ఈపు సూపియ్యకుంట ఎన్కకు నడుసుకుంట పొయ్యెటోళ్లని చెప్తరు గద? గట్లనే పోతుంది మీ బండి."

పెద్దబాపు మీసం కదిలింది. ఆ తర్వాత తీర్పు చెప్పారు. రివర్స్ గేరులో ఇంజనుకు అవమానం లేదు. తను ఎదురుగా నడుస్తుంటే బండి వెనక్కి తగ్గడంలో తనకూ అవమానం లేదు. కానీ తను లోపల కూర్చుని ఉండగా మాత్రం ఆ గేరు పడదు. "నా చెయ్యి ఆ దిక్కు లాగది," అన్నారు. మరి రోజూ ఎవరు నడపాలి? నేను తెల్లవారి బస్సెక్కి పోయేవాణ్ణి. డ్రైవరును పెట్టుకునే స్థితి లేదు.

"నాకు నేర్పియ్ బిడ్డా," అంది పెద్దవ్వ.

"నువ్వా?" అన్నారు పెద్దబాపు.

"నేనే. మాట మీ వంశానిది. నేను వేరే ఇంటి బిడ్డను. మా అవ్వగారింటికాడ బండ్లు రెండు దిక్కుల నడిచినయ్, ఎవలి మీసం ఊడలే."

ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాక పెద్దవ్వ ఆ గేటు దాటిందంటే పెళ్ళికో చావుకో దాటింది, అదీ కచ్చురంలోనో జీపులోనో తెర చాటున. ఆ మధ్యాహ్నం, నేను స్కానర్ పెట్టి ఆ నంబరు ఇంకా పడలేదని చూసుకున్నాక, కొంగు నడుముకు దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. మొదటి గేరు నుంచి మొదలుపెడదామంటే ఒప్పుకోలేదు. "అదెందుకు నాకు? నాకు గావాల్సింది కిందికి పోవుడే. మిగతయి మీ పెద్దబాపు సూసుకుంటడు." మొదటిసారి కమాను స్తంభానికి కారు తోక కొంచెం రాసింది. పెద్దబాపు కళ్ళు మూసుకున్నారు. "పండ్లు తోముకున్నట్టు అయిందిలే, ఫికర్ చెయ్యకురి," అంది పెద్దవ్వ. పొద్దు వాలేసరికి ఆమె కారును సూదిలో దారం పెట్టినట్టు గేటులోంచి తీసి రోడ్డు మీద నిలబెట్టడం నేర్చుకుంది. లోకంలో ఒక్క రివర్స్ గేరు మాత్రమే వచ్చిన డ్రైవరును నేను తయారు చేశాను.

సోమవారం బెల్లంపల్లన్నకు చెప్పక తప్పలేదు. కుర్రాళ్ళు టీకి పోయినప్పుడు చెప్పాను. ఆయన నవ్వి నవ్వి టైరు మీద కూలబడ్డాడు. "ముంగటికి పొయ్యే గేరుల ఎన్కకు!" అని మళ్ళీ నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "మా తాత బతికుంటె జెప్పెటోన్ని. ఎత్తి తిప్పెటోళ్లు లేకపోతె దొరల బండ్లు ఎట్ల దిగుతున్నయో," అన్నాడు. నా ముఖం ఎర్రబడింది. ఆయన దాన్ని చూశాడు. ఇక ఎత్తిపొడవలేదు. మేనేజరు కారణమడిగితే, "వాళ్ల ఇంటికాడ ఎత్తున్నది సార్, బండి జారుతుంది, సరిజేసిండు," అని ఒక్క మాటలో ముగించాడు. కుర్రాళ్ళ దగ్గర ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కారు మళ్ళీ రాలేదు. ఆ ఏడే నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఊళ్ళో పొద్దున్నే ఒక ఊరేగింపు జరిగేది. ముందుగా కారు, తోక ముందు పెట్టుకుని, లోపల మెడ తిప్పి వెనక్కి చూస్తూ పెద్దవ్వ. దాని ముక్కుకు ఎదురుగా కర్ర పట్టుకుని, తొందరపడకుండా దిగే పెద్దబాపు. రోడ్డు మీదికి రాగానే పెద్దవ్వ దిగేది, ఆయన ఎక్కి ముందుకు పోయేవారు. ఆమె ఎత్తు ఎక్కి ఇంట్లోకి నడిచిపోయేది. తలుపు దగ్గర నిలబడి చూసిన ప్రతిసారీ, మా ఇంట్లో నిజంగా బండి నడిపేది ఎవరన్న సందేహం నాకు కలిగేది.

ఇప్పుడు నేనుండేది కరీంనగర్‌లో అపార్టుమెంటులో. కింద పార్కింగులో మూడు గోడల మధ్య నా కారు ఉంటుంది. రోజూ రివర్స్‌లోనే బయటికి తీయాలి. కారు కూతలు పెడుతుంది, తెర మీద వెనకనున్నదంతా చూపిస్తుంది. నేను తెర వైపు చూడను. నిటారుగా కూర్చుని ఎదుటి గోడనే చూస్తాను. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సార్, జర ఎన్కకు సూడుండ్రి సార్," అని అరుస్తాడు. సుద్ద గీత ఎటు తిరుగుతోందో నాకు తెలుసు, అతనికి తెలియదు. బంపరుకు గీతలు పడిన మాట నిజమే. వాటిని చూసినప్పుడల్లా, మెడకు గుడ్డ వేసుకుని ఇంజన్లను పైనుంచి చూసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వయసు పెరిగింది గానీ, వాడి నడుం ఇంకా వంగలేదు.

పెద్దబాపు పోయాక పెద్దవ్వను నాతో తీసుకొచ్చాను. ఇల్లు వదిలిన రోజు కారు నేను తీస్తానంటే వద్దంది. ఎదురుగా నడవడానికి పెద్దబాపు లేరు. ఆమె ఒక్కతే కమాను కింద నుంచి, స్తంభానికి రాయకుండా, కారును రోడ్డు మీదికి దించింది. అన్నేళ్ళూ మెడ తిప్పి వెనక్కి చూసిన మనిషి ఆ రోజు ఒక్కసారీ తిప్పలేదు. ఎదురుగా ఇంటినే చూస్తూ దిగింది. "జర ఎన్కకు సూడు పెద్దవ్వా," అన్నాను. "దారి నాకెర్కేరా," అంది. "ఎన్కకు పోతె గిదొక్కటి మంచిగుంటది బిడ్డా. కడదాక ఇల్లు కనవడుతది."

ఆ ఏడు గడిని, కమానును, ఇనుప గేటును, ముందరి ఎత్తు నేలను అమ్మేశాం. కొన్నవాళ్ళు నేలను చదును చేశారు.